మరణానికి ప్రమాణం ఏది?

ఒక మనిషి చనిపోయాడన్న సంగతిని రాజ్యం తన పుస్తకంలో రాసుకోవడమే మరణ నమోదు. భారతదేశంలో ఈ పనికి ఆధారం 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం. చాలా రాష్ట్రాల్లో అది 1970 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చట్టం రెండో సెక్షన్‌లో మరణాన్ని నిర్వచించిన తీరు ఆలోచించదగ్గది. ప్రాణంతో పుట్టిన తర్వాత ఎప్పుడైనా సరే, జీవం ఉందనడానికి ఉన్న ఆధారాలన్నీ శాశ్వతంగా లేకుండా పోవడమే మరణమని అది చెబుతుంది. ఆత్మ దేహాన్ని విడిచిందా, గుండె ఆగిందా అన్న ఊసు అందులో లేదు. ఆధారాలు లేకుండా పోవాలి, అంతే. అంటే చట్టం లెక్కలో మరణం ఒక అభావం. లేనిదాన్ని లేదని తెలుసుకునేది ఎలా, ఆ జ్ఞానానికి ప్రమాణం ఏది అన్నది మన దర్శనకారులు వెయ్యేళ్లకు పైగా వాదించుకున్న సంగతి. నగరాల మరణ రిజిస్టర్లు కాగితం వదిలి కంప్యూటర్లోకి వెళ్లాక ఆ వాదం మున్సిపల్ ఆఫీసు గుమ్మంలోకి వచ్చింది. హైదరాబాద్ అనుభవం ఇందుకు మంచి ఉదాహరణ.

కుమారిల భట్టును అనుసరించిన మీమాంసకులు అభావాన్ని తెలుసుకోవడానికి అనుపలబ్ధి అనే ఆరో ప్రమాణాన్ని ఒప్పుకున్నారు. వాళ్ల పాఠాల్లో ఎప్పుడూ వచ్చే ఉదాహరణ నేల మీద లేని కుండ. ఉంటే కనిపించేది, కనిపించలేదు, కాబట్టి లేదు. న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులకు ఇది రుచించలేదు. కుండ లేకపోవడాన్ని కూడా కళ్లే చూస్తాయి, దానికి వేరే ప్రమాణం దేనికన్నారు. మీమాంసలోనే మరో శాఖకు చెందిన ప్రాభాకరులు ఇంకో అడుగు ముందుకేసి, అభావమనే పదార్థమే వేరుగా లేదు, ఉన్నది ఖాళీ నేలే అన్నారు. ఎవరి వాదం ఎలా ఉన్నా కుమారిలుడి అనుచరులైన భాట్టులు పెట్టిన ఒక షరతు చాలా విలువైనది. కనబడకపోవడం ఒక్కటే చాలదు, ఉంటే కనబడదగిన పరిస్థితి కూడా ఉండాలి. చీకటి గదిలో కుండ కనిపించలేదని కుండే లేదనడం కుదరదు. దీన్నే యోగ్యానుపలబ్ధి అన్నారు.

మంచం పక్కన డాక్టరు చేసే పని ఇదే. నాడి పట్టి చూస్తాడు, స్టెతస్కోపు పెట్టి గుండె చప్పుడు, ఊపిరి వింటాడు, కళ్లలోకి టార్చి వేసి పాప ముడుచుకుంటుందా అని చూస్తాడు. కొడుకు చెయ్యి పట్టుకుని చూసి “కదలడం లేదు” అన్నదానికీ, డాక్టరు అదే మాట అన్నదానికీ తేడా యోగ్యతలో ఉంది. ఎక్కడ, ఎంతసేపు వెతకాలో తెలిసినవాడికి కనిపించకపోతేనే లేనట్టు. 1994లో అవయవ మార్పిడి చట్టం వచ్చాక ఈ షరతు మరింత బిగిసింది. మెదడు కాండం పనిచేయడం శాశ్వతంగా ఆగిపోయిందని నలుగురు వైద్యుల బృందం, కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరిస్తే, వెంటిలేటర్ మీద గుండె కొట్టుకుంటున్నా ఆ వ్యక్తి మరణించినట్టే. తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ పథకం కింద జరిగే అవయవదానాలన్నిటికీ ఈ ధ్రువీకరణే పునాది. నమోదు చట్టంలోని “అన్ని ఆధారాలూ” అన్న మాటకీ ఈ నిర్వచనానికీ పూర్తిగా పొత్తు కుదరదు. ఒకే దేశంలో మరణానికి రెండు కొలతలు నడుస్తున్నాయి. ఆచరణలో పెద్ద ఇబ్బంది రాకపోవడానికి కారణం, రిజిస్ట్రారు ఈ రెంటిలో దేన్నీ స్వయంగా చూడకపోవడమే.

రిజిస్ట్రారు శవాన్ని చూడడు. అతనికి తెలిసేదంతా ఎవరో ఒకరు చెబితే తెలిసేదే. దర్శన పరిభాషలో అది శబ్ద ప్రమాణం, అంటే ఆప్తుడి మాట. ఆప్తుడంటే చుట్టం అని ఇక్కడ అర్థం కాదు. విషయం నేరుగా తెలిసి, తెలిసింది తెలిసినట్టు చెప్పేవాడు ఆప్తుడు. న్యాయభాష్యం రాసిన వాత్స్యాయనుడు ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానంగా వర్తిస్తుందన్నాడు. కులగోత్రాలతో పనిలేని ఆ మాటకు చట్టంలో దాదాపు సరితూగే ఏర్పాటు ఉంది. ఇంట్లో చనిపోతే ఇంటి పెద్ద, ఆసుపత్రిలో అయితే అక్కడి వైద్యాధికారి, జైల్లో అయితే జైలరు కబురు చెప్పాలి. దిక్కులేని శవం నగరంలో బహిరంగ ప్రదేశంలో దొరికితే ఆ బాధ్యత పోలీసు స్టేషన్ అధికారిది. వీళ్లే కాక, శవాలను దహనం చేసే లేదా పూడ్చే చోటును చూసుకునే వ్యక్తి కూడా తన ఎరుకలోకి వచ్చిన మరణాన్ని రిజిస్ట్రారుకు తెలియజేయాలని పదో సెక్షన్ చెబుతుంది. కాశీలో కాటి సుంకం వసూలు చేసిన హరిశ్చంద్రుడు నేడు ఉంటే చట్టరీత్యా అతనూ సమాచారదారుడే. తెలుగువాడికి తెలిసిన కాటికాపరుల్లో అబద్ధమాడడని నమ్మదగినవాడు అతనొక్కడే అనుకున్నా, చట్టం మాత్రం ప్రతి కాటికాపరి మాటకూ విలువిచ్చింది.

నోటితో సమాచారం చెప్పినవాళ్లు రిజిస్టరులో తమ పేరు, వివరం, నివాసం రాయాలి. రాయడం రాకపోతే పేరు పక్కన వేలిముద్ర వేయాలి. పాత రిజిస్టరు పుటలో మనకు కనిపించేది ఇదే. చనిపోయిన మనిషి పేరు ఒక గడిలో ఉంటే, బతికున్న మనిషి సంతకమో నీలి సిరా అంటిన బొటనవేలి గుర్తో ఇంకో గడిలో ఉంటుంది. ఆ పుట ఎంత మాసినా, దాని మీద నిజంగా ఉన్నది మరణం గురించి ఒక మనిషి పలికిన సాక్ష్యం.

మరణాలను రాసి ఉంచడం మొదట్లో మతం పని. ఇంగ్లండులో 1538 నుంచి చర్చిలు ఖననాల పట్టీలు ఉంచాయి. లండన్ నగరపు మరణాల పట్టీలను ముందేసుకుని జాన్ గ్రాంట్ 1662లో వేసిన లెక్కల నుంచే జనాభా శాస్త్రం పుట్టింది. 1837లో ఆ పని చర్చి చేతి నుంచి ప్రభుత్వం చేతికి మారింది. ఇక్కడ బ్రిటిష్ పాలకులు 1886లో ఒక చట్టం చేసినా అది ఇష్టమైనవాళ్లు నమోదు చేయించుకునే తరహాది. మద్రాసు ప్రెసిడెన్సీకి 1899లో విడిగా చట్టం వచ్చింది కనుక కోస్తా, రాయలసీమ జిల్లాలకు ఈ అలవాటు తెలంగాణ కంటే వేరే దారిలో వచ్చింది. హిందువుల్లో మరణాల రిజిస్టరు లేదు గానీ, దానికి దగ్గరగా తీర్థక్షేత్రాల్లో పండాలనే పురోహితులు ఉంచే బహీలు, అంటే వంశాల పుస్తకాలు ఉన్నాయి. హరిద్వారంలోనూ గయలోనూ కర్మ చేయించడానికి వచ్చినవాడు తన వంశంలో ఎవరు పోయారో చెప్పి రాయించి, వీలైతే కింద సంతకం చేసి వెళతాడు. అక్కడ కూడా రాతకు బలం వచ్చి చెప్పినవాడి వల్లే.

కాలం విషయంలో మతమూ రిజిస్టరూ రెండు దారులు తొక్కుతాయి. తద్దినం పెట్టేది మరణ సమయానికి నడుస్తున్న మాసం, పక్షం, తిథిని బట్టి. ధ్రువపత్రంలో ఉండేది తేదీ మాత్రమే, గంటా నిమిషాలకు అందులో గడి లేదు. మంగళవారం తెల్లవారుజామున రెండు గంటలకు పోయిన తండ్రిని ఇంట్లో అందరూ సోమవారం రాత్రి పోయాడనే అంటారు, ఎందుకంటే పంచాంగానికి రోజు సూర్యోదయంతో మారుతుంది. ఆసుపత్రి కాగితం మంగళవారం అంటుంది. డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్న కొడుకు ఏడాది తిరిగాక డెత్ సర్టిఫికెట్ తీసి పురోహితుడికి చూపిస్తే, అందులోని తేదీతో తిథి తేల్చడం కుదరదు. ఆసుపత్రి డాక్టరు నింపే నాలుగో నమూనా ఫారంలో సమయం ఉంటుంది, కానీ కుటుంబాలు దాచుకునేది ధ్రువపత్రాన్నే. హైదరాబాద్ పాతవాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. నిజాం కాలంలో ప్రభుత్వ లెక్కలు ఫసలీ సంవత్సరంలో, ఉర్దూలో నడిచాయి. ముస్లిం కుటుంబం హిజ్రీ తేదీ గుర్తుపెట్టుకుంటుంది, హిందూ కుటుంబం తిథి గుర్తుపెట్టుకుంటుంది. తర్వాతి కాలం వాళ్లు అడిగేది ఇంగ్లీషు తేదీ.

ఆలస్యంగా అందిన కబురును రెండు వ్యవస్థలూ ఎలా చూస్తాయో పోల్చితే తేడా మరింత తేటపడుతుంది. దూరదేశంలో జ్ఞాతి చనిపోయిన వార్త పది రోజుల లోపల చెవిన పడితే మిగిలిన రోజులే మైల. పది రోజులు దాటాక తెలిస్తే మూడు రాత్రులు. ఏడాది దాటాక తెలిస్తే స్నానంతో సరి. మనుస్మృతి అయిదో అధ్యాయం చెప్పే పద్ధతి ఇది. కబురు ఎంత పాతబడితే భారం అంత తేలిక. నమోదు చట్టం దీనికి తలకిందులుగా నడుస్తుంది. 21 రోజుల లోపు చెబితే రుసుము లేదు. 30 రోజుల లోపు అయితే ఆలస్య రుసుము కట్టాలి. ఏడాది లోపు అయితే అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా నమోదు కాదు. కబురు పాతబడిన కొద్దీ భారం పెరుగుతుంది.

ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం అనుకోనక్కర్లేదు. మైల బతికున్నవాడి సంగతి. వార్త పాతదైతే దుఃఖం తాకిడి తగ్గుతుంది కనుక ధర్మశాస్త్రం ఊరట ఇచ్చింది. రిజిస్టరు వార్త నిజమా అని అడుగుతుంది. కాలం గడిచేకొద్దీ సాక్షులు చెదిరిపోతారు, జ్ఞాపకం మసకబారుతుంది, మధ్యలో ఆస్తి తగాదాలు పుడతాయి. యోగ్యానుపలబ్ధి షరతు ఇక్కడా పనిచేస్తోంది, తగ్గిపోయిన వెలుతురులో కుండను వెతకడానికి మేజిస్ట్రేటు అనే దీపం కావలసి వచ్చింది.

హైదరాబాద్‌లో మార్పు ఒక్క రోజులో రాలేదు. 2001 ఆగస్టులో జంటనగరాల్లో ఈ-సేవ కేంద్రాలు తెరుచుకున్నాక మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరగకుండా జనన మరణ ధ్రువపత్రాలు తీసుకునే వీలు కలిగింది. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల పన్నెండు పురపాలక సంఘాలనూ ఎనిమిది పంచాయతీలనూ కలిపి మహానగరపాలక సంస్థను ఏర్పాటు చేసినప్పుడు వాటి పుస్తకాలన్నీ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. 2011లో మీసేవ మొదలైంది. ఆసుపత్రులు తమ దగ్గర జరిగిన మరణాన్ని తామే కంప్యూటర్లో ఎక్కించడం, సర్కిల్ ఆఫీసులోని వైద్యాధికారి దాన్ని పరిశీలించి ఆమోదించడం, కుటుంబం మీసేవలో రుసుము కట్టి పత్రం తెచ్చుకోవడం మామూలైపోయింది.

దీనివల్ల జరిగిన మేలును తక్కువ చేసి చెప్పడం అన్యాయం. బీమా డబ్బు, కుటుంబ పింఛను, బ్యాంకు ఖాతా, పొలం పేరు మార్పిడి, అన్నిటికీ ఈ కాగితమే తాళంచెవి. పెద్దకర్మ కూడా కాకముందే గుమాస్తా బల్ల ముందు నిలబడి, రిజిస్టరు దొరకలేదు, అయ్యగారు రాలేదు, రేపు రండి అన్న మాట వినడం తప్పిందంటే అది చిన్న ఊరట కాదు. చెదలకూ వానకూ అందని రికార్డు ఉండటం ఇంకో లాభం. పాతబస్తీలో పొద్దున పోయినవారిని మధ్యాహ్నం నమాజు తర్వాత ఖబ్రస్తాన్‌కు తీసుకెళ్లే కుటుంబానికైనా, కొడుకు అమెరికా నుంచి దిగేదాకా ఆగే కుటుంబానికైనా ఆసుపత్రి నుంచే సమాచారం వెళ్లిపోవడం మేలే.

అయితే కంప్యూటర్ నమోదు ఒక పని నిశ్శబ్దంగా చేసింది. సాక్షిని తెర వెనక్కి నెట్టింది. పుటలో వేలిముద్ర ఉన్న చోట ఇప్పుడు లాగిన్ ఉంది. ఆసుపత్రిలో ఆ లాగిన్ తెరిచేది చాలాసార్లు వైద్యాధికారి కాదు, ఆయన పేరుతో పనిచేసే రికార్డుల గుమాస్తా. అతను రోగిని చూడలేదు, శవాన్నీ చూడలేదు, కేసు షీటు చూశాడు. మాట ఎవరిది అన్న ప్రశ్నకు వ్యవస్థ లోపల జవాబు ఉంటుంది, ఏ లాగిన్ నుంచి ఏ క్షణంలో నమోదైందో అది గుర్తుపెట్టుకుంటుంది. కానీ కుటుంబం చేతికొచ్చే పత్రం ఆ జవాబు చెప్పదు. ఎలక్ట్రానిక్ పత్రాల కింద తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది, ఇది కంప్యూటర్ తయారుచేసిన పత్రమని. మీమాంసకులు వేదాన్ని నమ్మడానికి చెప్పిన కారణం అది అపౌరుషేయమని, చెప్పిన మనిషే లేడు కనుక చెప్పేవాడి దోషం అంటదని. మున్సిపల్ కంప్యూటర్ నుంచి వచ్చిన కాగితం తెలియకుండానే ఆ హోదా కోరుతోంది. అది దక్కదు. దాని వెనుక ఎప్పుడూ ఒక పురుషుడు ఉన్నాడు, అతనికి నిద్రమత్తు, పొరపాటు, లంచం అన్నీ వర్తిస్తాయి.

ఇది ఊహ కాదని హైదరాబాద్‌లోనే రుజువైంది. ధ్రువపత్రాలు తొందరగా ఇవ్వాలన్న సదుద్దేశంతో, మీసేవలో పత్రాలు అప్‌లోడ్ చేయగానే ఆమోదం దొరికే ఏర్పాటు పెట్టారు. అప్‌లోడ్ అయిన కాగితంలో ఏముందో చూసే కన్ను ఆ దారిలో లేదు. 2023లో నగరపాలక సంస్థ, సరైన ఆధారాలు లేకుండా పొందిన వేలాది జనన మరణ ధ్రువపత్రాలను రద్దు చేయాల్సి వచ్చింది.

జరిగిన దానిలో ఒక పాత తాత్త్విక వివాదం ఉంది. జ్ఞానం తనంతట తానే ప్రమాణమా, మరొకదాని వల్ల ప్రమాణమవుతుందా అన్నది ఆ వివాదం. మీమాంసకులది స్వతఃప్రామాణ్య వాదం. కలిగిన జ్ఞానాన్ని నిజమనే పట్టుకోవాలి, దాన్ని కాదనే మరో జ్ఞానం కలిగితేనో, అది పుట్టిన చోట దోషం బయటపడితేనో వదులుకోవాలి. నైయాయికులది పరతఃప్రామాణ్యం. నీళ్లని తోచినంత మాత్రాన నీళ్లు కావు, వెళ్లి తాగితే దాహం తీరాలి, అప్పుడు ఆ జ్ఞానం ప్రమాణం. తక్షణ ఆమోదం పైకి స్వతఃప్రామాణ్యంలా కనిపిస్తుంది. దరఖాస్తు వచ్చింది, కాదన్నవాడు లేడు, కాబట్టి నిజం. కానీ మీమాంసకులు మనిషి మాటకు ఇంత ఉదారంగా అనుమతి ఇవ్వలేదు. పౌరుషేయ వాక్యంలో వక్త దోషం ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుందన్నదే వాళ్ల వేద వాదానికి మూలం. మనిషి మాటకు దోష పరీక్ష కావాలి. ఆ సాఫ్ట్‌వేర్ రూపొందించినవాళ్లు సిద్ధాంతంలో సగమే తీసుకున్నారు, నమ్మమన్న సగాన్ని ఉంచి వెతకమన్న సగాన్ని వదిలేశారు. కాగితం రోజుల్లో కూడా అబద్ధపు సర్టిఫికెట్లు పుట్టాయి, కానీ ఒక్కోదానికి ఒక్కో గుమాస్తాను పట్టుకోవాల్సి వచ్చేది.

తప్పు దొరికినప్పుడు దిద్దే పద్ధతిలో 1969 చట్టం గొప్ప వివేకం చూపింది. పదిహేనో సెక్షన్ ప్రకారం రిజిస్టరులో తప్పు పడినా, మోసంతో ఎక్కినా, అసలు రాతను చెరపకూడదు. అంచున ఖాళీ జాగాలో దిద్దుబాటు రాసి, తేదీ వేసి, రిజిస్ట్రారు సంతకం చేయాలి. అంటే చట్టానికి నిజం ఎంత ముఖ్యమో, ఒకప్పుడు ఇలా పొరపడ్డామన్న నిజమూ అంతే ముఖ్యం. డేటాబేసులో మార్పుల చరిత్ర దాగి ఉన్నా, ముద్రించిన పత్రంలో చివరి విలువ ఒక్కటే తేటగా మెరుస్తుంది. పత్రం మీద కూడా ఆ అంచు కనబడేలా ఉంచడం సాంకేతికంగా కష్టమైన పనేం కాదు.

కాగితం మీద చంపబడ్డ మనిషి సంగతి చూస్తే ఈ అంచు విలువ తెలుస్తుంది. ఉత్తరప్రదేశ్ ఆజంగఢ్ జిల్లాకు చెందిన లాల్ బిహారీ 1970ల్లో అప్పు కోసం వెళితే, భూమి రికార్డుల్లో అతను చనిపోయినట్టు ఉందని తేలింది. భూమి కోసం బంధువులు చేయించిన పని అది. పేరు చివర “మృతక్” అని తగిలించుకుని, తనలాంటివాళ్లతో మృతక సంఘం పెట్టి, కాగితం మీద 1994లో గానీ అతను బతకలేదు. అతని కథ 2021లో కాగజ్ అనే సినిమాగా వచ్చింది. ఆఫీసులో కళ్లెదుట నిలబడ్డ మనిషి ప్రత్యక్ష ప్రమాణం. పుస్తకంలోని రాత శబ్ద ప్రమాణం. గుమాస్తా రెండోదాన్నే నమ్మాడు.

ధర్మశాస్త్రాలు ఈ ఇబ్బందిని ముందే ఊహించాయి. దేశాంతరం పోయి ఏ కబురూ లేనివాడికి ఏళ్ల తరబడి, సాధారణంగా పన్నెండేళ్లు, ఎదురుచూసి, మోదుగ ఆకులతో మనిషి బొమ్మ చేసి దహనం చేసే పర్ణనర దాహ విధి ఉంది. ఆ తర్వాత అతను తిరిగొస్తే? ధర్మశాస్త్రాలను క్రోడీకరించిన నిబంధ గ్రంథాలు దానికీ దారి చూపాయి. వచ్చినవాణ్ణి నేతిలో ముంచి, స్నానం చేయించి, జాతకర్మ మొదలు సంస్కారాలన్నీ మళ్లీ చేయాలి, తన భార్యనే మళ్లీ పెళ్లాడాలి. వినడానికి వింతగా ఉన్నా ఇందులో ఒక నిజాయితీ ఉంది. జరిగిన దహనాన్ని జరగలేదని చెరిపేయరు. మరణం జరిగింది, ఇప్పుడు పుట్టుక జరగాలి. పదిహేనో సెక్షన్ చేసేదీ దాదాపు ఇదే. ఆధునిక చట్టం గడువును పన్నెండు నుంచి ఏడేళ్లకు తగ్గించింది. ఏడేళ్లుగా, బతికుంటే సహజంగా కబురు తెలియాల్సినవాళ్లకు కబురు లేని మనిషి బతికే ఉన్నాడని ఎవరైనా అంటే, రుజువు భారం వాళ్లదే. 1872 నాటి సాక్ష్య చట్టంలో 108గా ఉన్న ఈ సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 111 అయింది. “బతికుంటే సహజంగా తెలియాల్సినవాళ్లు” అన్న షరతు భాట్టుల యోగ్యత షరతే.

చనిపోయాడని ఇతరులు తేల్చిన ఇలాంటివాడికి వ్యతిరేక దిశలో ఉన్నవాడు సన్యాసి. తనకు తానే శ్రాద్ధం పెట్టుకుని ఇల్లు విడిచిన అతను శాస్త్రం లెక్కలో పూర్వాశ్రమానికి చనిపోయాడు, ఆస్తి హక్కు కూడా పోతుంది. 1955 హిందూ వివాహ చట్టం లోకాన్ని త్యజించి మత సంప్రదాయంలో చేరడాన్ని విడాకులకు ఒక కారణంగా గుర్తించింది. మరణ రిజిస్టరు మాత్రం ఈ మరణాన్ని ఎరగదు. ఊపిరి ఉన్నంతకాలం అతను బతికున్నట్టే. నిజంగా పోయిన రోజున మఠంలోని శిష్యుడు ఫారం నింపుతూ తల్లి పేరు, తండ్రి పేరు, భార్య పేరు అనే గడుల దగ్గర ఆగిపోతాడు. అదే ఫారం గణాంకాల భాగంలో మతం ఏదో, వృత్తి ఏదో, పొగతాగే అలవాటు ఉంటే ఎన్నేళ్లో, పొగాకు నమిలితే ఎన్నేళ్లో, మద్యం తాగితే ఎన్నేళ్లో అడుగుతారు. చిత్రగుప్తుడి ఖాతాలో తప్ప ఇంత తరచి అడిగే గడులు ఇంకెక్కడా ఉండవు. తేడా ఏమిటంటే ప్రభుత్వం ఈ భాగాన్ని విడదీసి లెక్కలకు మాత్రమే వాడుకుంటుంది.

మరణ కారణాన్ని కూడా చట్టం దాస్తుంది. ధ్రువపత్రంలో కారణం వెల్లడించకూడదని పదిహేడో సెక్షన్ నిషేధం. కోవిడ్ కాలంలో ఇదే చిక్కు తెచ్చింది. కోవిడ్ వల్ల పోయినట్టు కాగితం లేక పరిహారానికి కుటుంబాలు అల్లాడితే, 2021లో సుప్రీంకోర్టు ఆదేశాల మీద కారణాన్ని తేల్చే కమిటీలు, 50,000 రూపాయల పరిహారం వచ్చాయి.

2023లో నమోదు చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ సవరణ ప్రకారం దేశమంతటి జనన మరణాలు రిజిస్ట్రార్ జనరల్ నిర్వహించే ఒకే డేటాబేసులోకి వెళతాయి. ఓటర్ల జాబితా, రేషన్ కార్డులు, పాస్‌పోర్టులు, ఆస్తి రిజిస్ట్రేషన్లు నిర్వహించే సంస్థలతో ప్రభుత్వ అనుమతి మీద ఆ సమాచారాన్ని పంచుకోవచ్చు. ఒక సర్కిల్ ఆఫీసులో పడిన నిజం అన్నిచోట్లా నిజమవుతుంది, అక్కడ పడిన తప్పూ అంతే. లాల్ బిహారీ పోయింది ఒక్క భూమి రికార్డులోనే. ఇకపై అలా పోయేవాడు రేషన్ దుకాణంలో, బ్యాంకులో, పోలింగ్ బూత్‌లో ఒకేసారి పోతాడు.

ఈ వ్యవస్థలో బతికుండటానికి కూడా రుజువు కావాలి. 2014 నుంచి పింఛనుదారులు జీవన్ ప్రమాణ్ ద్వారా వేలిముద్రో కనుపాపో చూపించి ఏటా ఆ రుజువు ఇస్తున్నారు. బొటనవేలి గీతలు అరిగిపోయిన వృద్ధురాలిని యంత్రం గుర్తించకపోతే, ఆ వైఫల్యం యంత్రానిది, ఆమె లేకపోవడం కాదు. మీమాంసకులు అర్థాపత్తికి, అంటే మరోలా పొసగదు కనుక చేసే ఊహకు, ఇచ్చిన ఉదాహరణలో దేవదత్తుడు ఇంట్లో లేడు, కాబట్టి బయట ఉన్నాడు. ఆ ముగింపు నిలబడటానికి అతను బతికే ఉన్నాడన్న సంగతి ముందే తెలిసి ఉండాలని వాళ్లు పట్టుబట్టారు. యంత్రానికి ఆ ముందు జ్ఞానం ఉండదు. దానికి దేవదత్తుడు దొరకలేదు, అంతవరకే. లేడని తేల్చే అధికారం దానికి ఇవ్వకూడదు. మరణ నమోదు ఎంత వేగంగా సాగినా, చనిపోయాడని చెప్పిన మనిషి పేరు పత్రం మీద కనబడాలి, దిద్దుబాటు జరిగితే అదీ కనబడాలి. లాగిన్‌కు ఆప్తత్వం ఉండదు.

2023 సవరణ ఇందుకు ఒక తలుపు తెరిచి ఉంచింది. రిజిస్ట్రారు చేసిన పనితో నష్టపోయినవారు 30 రోజుల లోపు జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు. జిల్లా రిజిస్ట్రారు చర్య మీద అయితే ముఖ్య రిజిస్ట్రారుకు. 90 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. బతికి ఉండి రిజిస్టరులో చనిపోయినవారు కూడా ఈ అప్పీలు చేసుకోవచ్చు.